నాలుగో గడిలో రాములమ్మ

నేను రిటైరయ్యానని ఎవరితోనైనా అంటే మావారు పక్కనుంచి నవ్వుతారు. ఉద్యోగమే లేనిదానివి ఎక్కణ్ణించి రిటైరయ్యావు అని ఆయన ప్రశ్న. ఆయన కోటబొమ్మాళిలో ముప్పై ఆరేళ్లు డాక్టరుగా పనిచేశారు. ఆ ముప్పై ఆరేళ్లూ ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్ల పేర్లు రిజిస్టరులో రాసింది నేను. ఆయన ప్రాక్టీసు మానేశాక, అరవై దగ్గరపడ్డ వయసులో సంచీ భుజాన వేసుకుని, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్య చరిత్ర రాస్తానని ఎనిమిదేళ్లు ఊళ్లు తిరిగాను. ఇప్పుడు మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనివ్వడం లేదు కాబట్టి మానేశాను. దీన్ని రిటైర్మెంటు అనకపోతే ఇంకేమంటారో ఆయనే చెప్పాలి.

పుస్తకం వచ్చాక కాలేజీ పిల్లలూ, కొత్తగా పాసైన డాక్టర్లూ ఇంటికి వస్తున్నారు. మా ఊరి ఆసుపత్రి కథ రాయాలనుంది, ఎలా మొదలుపెట్టాలండీ అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ కాఫీ పెట్టి మొదట్నించీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ఏ ఆఫీసులో ఏ కాగితం దొరుకుతుందో చెప్పడానికి వేరేవాళ్లున్నారు. నాకు ఎక్కడెక్కడ మొట్టికాయలు పడ్డాయో అది మాత్రం నేనే చెప్పాలి.

ఎందుకు మొదలుపెట్టానంటే

మావారు క్లినిక్ మూసేసిన నెలలో ఊరివాళ్లు సన్మానం చేశారు. మాట్లాడిన ప్రతివాడూ ఈయన రాకముందు ఇక్కడ వైద్యమే లేదన్నాడు. నేను ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి చూశాను. మాకు రెండు ఊళ్ల అవతల విరిగిన ఎముకలు కట్టే ఆయన కూర్చుని ఉన్నాడు. పాత కాంపౌండరు ఉన్నాడు. వీళ్లే మా దగ్గరికి పేషెంట్లని పంపినవాళ్లు. వాళ్లిద్దరూ కూడా చప్పట్లు కొడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన శాలువా మడతపెడుతూ, మీరు రాకముందు ఈ జనం జబ్బు పడకుండా ఉన్నారా, లేకపోతే పడ్డవాళ్లంతా చచ్చిపోయారా అని అడిగాను. ఆయన, నాకు తెలీదు, నువ్వు కనుక్కుని రాయి అన్నారు. అంతే, మర్నాడు పొద్దున్నే పలాసా బస్సెక్కాను. ఆయనకి ఉప్మా చేసుకోవడం ఆ రోజే వచ్చింది.

ఏమడగాలో తెలియని రోజులు

మొదటి ఆర్నెల్లూ దండగ. పెద్దవాళ్ల ముందు కూర్చుని మీ చిన్నప్పుడు ఏయే అంటువ్యాధులు వచ్చాయండీ అని అడిగేదాన్ని. ఎవరికి గుర్తుంటుంది? ఆమదాలవలస స్టేషను దగ్గర ధాన్యం వ్యాపారం చేసిన ఒక పెద్దాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అటుకులు పెట్టి, మాకేటి తెలుసునమ్మా అని చేతులు దులిపేశాడు. లేచి చెప్పులు వేసుకుంటూ ఊరికే అడిగాను, ఎప్పుడైనా ఊరంతా ఇళ్లు వదిలేసి తోటల్లోకి వెళ్లిపోయారా అని.

ఆయన ముఖం మారిపోయింది. మళ్లీ కూర్చోమన్నాడు. కలరా వచ్చిన ఏడాది ఏ మామిడితోటకి వెళ్లారు, ఏ పొయ్యి మీద ఎవరు వండారు, నీళ్లు ఎక్కణ్ణించి తెచ్చారు, ఎవరెవరు తిరిగి రాలేదు, రెండు గంటలు చెప్పాడు. లోపల్నించి ఆయన భార్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "ఆ తోటలోనే కదేటి మన పెల్లి మాట అనుకున్నారు. మా నాన్న మరి ఊల్లోకి ఎల్తామో లేదో అనీసి అక్కడే మాటిచ్చీసినాడు" అంది. కలరా గురించి నేను రాసిన మొదటి మంచి పేజీ అది. జబ్బు పేరు అడక్కండి, ఆ జబ్బొస్తే వీళ్లేం చేశారో అడగండి.

ఇంకో సంగతి. డాక్టర్లని నమ్మకండి. ఇది డాక్టరు భార్యగా చెబుతున్నాను. వాళ్లకి నయమైన కేసులే గుర్తుంటాయి. ఒకాయన శృంగవరపుకోటలో నాకు పాముకాట్ల గురించి మూడు గంటలు చెప్పాడు. ఆ మూడు గంటల్లో ఒక్కరూ చనిపోలేదు. ఇంటికొచ్చి చెబితే, నేనూ అంతేనా అన్నారు మావారు. మీరే ముందు అన్నాను. ఈ సూత్రాన్ని నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో, అది నన్ను ఎక్కడ ముంచిందో ముందుకు వెళితే తెలుస్తుంది.

తవిటినాయుళ్ల వెంట

మా వైపు ఒక ఆచారం ఉండేది. వరసగా పిల్లలు పోతున్న ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, ఆ బిడ్డని గుప్పెడు తవుడు తీసుకుని ఇంకొకరికి అమ్మేసేవారు. కొన్నవాళ్లే మళ్లీ తల్లికి పెంచుకోమని ఇచ్చేవారు. ఇది పరాయి బిడ్డ కాబట్టి చావు కన్ను పడదని నమ్మకం. ఆ బిడ్డకి తవుడు, తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అని పేరు పెట్టేవారు.

ఈ పేర్లని లెక్కపెట్టొచ్చని తట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఓటర్ల జాబితా తెచ్చి, ఒక ఊళ్లో యాభై దాటిన తవిటినాయుళ్లందరి పేర్ల పక్కనా ఎర్ర పెన్సిలుతో గీత పెట్టాను. ఒక్కో గీత వెనకా పోయిన పిల్లలున్నట్టే కదా. ఆసుపత్రి కాగితాల్లో లేని చావులన్నీ పేర్లలో దొరికాయని మావారితో గొప్పగా చెప్పాను. ఆయన కూడా అబ్బో అన్నారు.

మొదటి తవిటినాయుడు గొడ్లకి కుడితి పెడుతున్నాడు. మీకు ముందు పుట్టినవాళ్లు ఎందరు పోయారండీ అని మెల్లిగా అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మా అమ్మకి నానే పెద్దోన్ని. నా ఎనకాల అయిదుగురున్నారు, ఒక్కలూ పోనేదు. మా తాత పేరెట్టినారు, అంతే" అన్నాడు. రెండో ఆయనది మేనమామ పేరు. మూడో ఆయన్ని అడిగేసరికి వీధివీధంతా నా వెనకే ఉంది, నవ్వుకుంటూ. పదకొండు మందిలో నిజంగా తవుడుకి అమ్ముడుపోయినవాళ్లు ముగ్గురే తేలారు.

ఆ ముగ్గుర్నీ కొన్నది ఒకే మనిషి, పక్క ఊరి మంత్రసాని రాములమ్మ. పేరు వినగానే నాకు గుర్తొచ్చింది. చంటిపిల్లల్ని చీరచెంగులో చుట్టుకుని మా క్లినిక్‌కి వచ్చే బక్కపల్చటి మనిషి. బతికే ఉందన్నారు. వెళ్లి కలవాల్సింది, ఆఖరి బస్సుకి టైమైపోతోందని వెనక్కి వచ్చేశాను. నా ఎనిమిదేళ్ల తిరుగుళ్లలో ఆ బస్సు ఎక్కడమంత పొరపాటు ఇంకోటి చేయలేదు.

మేష్టారు

నాకు బాస్ లేడనుకోకండి, ఉన్నారు. విజయనగరంలో తెలుగు లెక్చరరుగా రిటైరైన మేష్టారు ఒకాయన మూడు నెలలకోసారి చిన్న పత్రిక తెచ్చేవారు. నా అధ్యాయాలు ముందు అందులోనే వచ్చాయి. మొదటి అధ్యాయం పంపితే, "ఇది సన్మానపత్రంలా ఉందమ్మా, చరిత్ర పంపండి" అని కార్డు రాశారు. మావారి హస్తవాసి గురించి నేను రాసిన పేరా మొత్తం ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆ కాగితం చూసి మావారు రెండు రోజులు మేష్టారి పేరెత్తలేదు. మూడో రోజు మాత్రం, ఆయన చెప్పింది నిజమే, హస్తవాసి అనేది వైద్యం కాదు అన్నారు.

మేష్టారు ప్రతి వాక్యానికీ దీనికి ఆధారం ఏది అని అడిగేవారు. రాష్ట్రం రెండైన ఏడాది చంటిపిల్లల అధ్యాయం పంపినప్పుడూ అడిగారు. మా క్లినిక్ రిజిస్టరే అన్నాను. మీ చేత్తో రాసిందేనా అన్నారు. ముప్పై, నలభై ఏళ్ల కిందట నేనే రాశానన్నాను. అయితే ఇంకేం కావాలి అన్నారు. ఇద్దరం అక్కడే బోల్తాపడ్డాం.

నేను చేసిన తప్పు

అప్పట్లో చాలామంది చంటిపిల్లలు పుట్టిన వారానికి పాలు తాగడం మానేసి, దవడలు బిగుసుకుని, కొయ్యబారి పోయేవారు. అది ధనుర్వాతం. బొడ్డు కోసిన కొడవలికో పాత బ్లేడుకో ఉన్న మురికి వల్ల వచ్చేది. మా రిజిస్టరులో ఆ కేసులన్నీ వెతికి తీశాను. మొదటి గడిలో బిడ్డ తండ్రి పేరు, రెండో దాంట్లో ఊరు, మూడో దాంట్లో జబ్బు. నాలుగో గడికి నేను ఎప్పుడూ పేరు పెట్టలేదు. రాసేదీ నేనే, చూసేదీ నేనే, పేరు ఎందుకు? ఆ నాలుగో గడిలో మాటిమాటికీ రాములమ్మ, రాములమ్మ అని ఉంది. ఆవిడ మంత్రసాని. అది పురుడు పోసినవాళ్ల పేరని తేల్చేసుకున్నాను. అక్కడక్కడా మగవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. అవి చూసైనా ఆగాల్సింది. నేను పొరపాటున రాసి ఉంటానని దాటేశాను.

ఈ ప్రాంతంలో ధనుర్వాతంతో పోయిన పిల్లల్లో ఎక్కువమంది ఫలానా ఊరి మంత్రసాని రాములమ్మ చేతిమీద పుట్టినవాళ్లే అని రాశాను. ఊరి పేరుతో సహా అచ్చయింది. ఆ సంచిక రాగానే ఇరుగుపొరుగులకి పంచిపెట్టాను కూడా.

పదిహేను రోజులకి ఒకావిడ వచ్చింది. పేరు అప్పలనరసమ్మ, ఆశా కార్యకర్త, రాములమ్మ కూతురు. చేతిలో పత్రిక మడిచి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆసుపత్రి మీటింగులో ఎవరో ఇది పైకి చదివారట. మాట ఊళ్లోకి వెళ్లింది. వాళ్ల వీధిలో దాలమ్మ అనే ఆవిడకి దాదాపు నలభై ఏళ్ల కిందట తొలిచూలు ఆడపిల్ల ఇలాగే పోయింది. కాన్పులో తెలివి తప్పడంతో బొడ్డు కోసింది ఎవరో దాలమ్మకి తెలియదు, కళ్లు తెరిచేసరికి పక్కన రాములమ్మ ఉంది. ఆ దాలమ్మ గుమ్మంలోకి వచ్చి, నా పిల్లని నువ్వే సంపీసినావా అని రాములమ్మని అడిగింది. రాములమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుందట. ఆ రోజు నించీ గడప దాటలేదు. ఎనభై దగ్గరపడిన మనిషి, ఆ వయసులో కూడా ఊళ్లో చంటిపిల్లలందరికీ ఆవిడే నీళ్లు పోసేది. ఇప్పుడు ఒక్కరూ పిల్లని తీసుకురావడం లేదు.

"మా అమ్మ సేతిమీద పుట్టినోల్లు ఊరంతా తిరుగుతన్నారు. ఆల్లని ఒక్కల్నీ రాయనేదు మీరు" అంది అప్పలనరసమ్మ. "మా అమ్మ ఏటి సేసిందో అమ్మనే అడగొచ్చు కదమ్మా. బతికే ఉన్నాది కదా."

మా మాటలు విని లోపల్నించి మావారు వచ్చారు. రాములమ్మ పేరు వినగానే, అదేమిటి, పరాయి పిల్లల్ని మోసుకొచ్చేది ఆవిడ ఒక్కర్తే కదా అన్నారు. ఇతరుల చేతిమీద పుట్టి బిగుసుకుపోయిన పిల్లల సంగతి తెలిస్తే, ఆవిడే వెళ్లి ఎత్తుకుని పరుగున వచ్చేది. బ్లేడు మరగబెట్టడం ఆయనే నేర్పితే, తర్వాత మరగబెట్టిన గిన్నెతో సహా తెచ్చి చూపించి వెళ్లింది. నన్ను ఒక్క మాట అడగకుండా ఎందుకు రాశావు అన్నారు. డాక్టర్లని నమ్మకూడదని నేను పెట్టుకున్న సూత్రం అప్పుడు నోటికి రాలేదు.

రిజిస్టరు తెచ్చి చూశాను. మా పుట్టింటివాళ్లది కిరాణా దుకాణం. సరుకు ఎవరింటికైనా సరే, పట్టుకెళ్లిన మనిషి పేరే మా నాన్న చీటీలో రాయించేవారు. పెళ్లయి వచ్చి అదే అలవాటున క్లినిక్‌లో కూర్చుని, బిడ్డని ఎవరు తీసుకొస్తే వాళ్ల పేరు నాలుగో గడిలో రాశాను. బిడ్డల్ని ఇంట్లోనే చావనిచ్చినవాళ్ల పేర్లు మా రిజిస్టరులో ఎక్కడా లేవు. రాలేదు కాబట్టి రాయలేదు. ఎత్తుకుని పరుగెత్తుకొచ్చిన మనిషినే పట్టుకుని హంతకురాలిని చేశాను. సిగ్గుతో ఏడుపొచ్చింది, అప్పలనరసమ్మ ముందే ఏడ్చాను.

వీధిలో చదవడం

తర్వాతి సంచికలో సవరణ మొదటి పేజీలోనే వేస్తానని మేష్టారు వెంటనే ఒప్పుకున్నారు. ఆ మాట అప్పలనరసమ్మకి చెప్పి పంపాను. రెండు రోజులకి రాములమ్మ జవాబు వచ్చింది. "నాకు సదువు రాదు. కాగితంలో దిద్దితే నాకెలగ తెలుస్తాది? ఆయమ్మనే వొచ్చి మా ఈదిలో అందరి ముందర సదవమను" అందట.

వెళ్లాం, నేనూ మావారూ. రిజిస్టరు గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లాను. రాములమ్మ ఇంటి ముందు బల్ల వేశారు. వీధంతా వచ్చింది. రాములమ్మ అన్నాళ్లకి గడప దాటి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. దాలమ్మ ఎదురింటి గోడ దగ్గర నిలబడింది. దాలమ్మ తల్లి, ఇంచుమించు రాములమ్మ ఈడుదే, కూతురి కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

నేను రాసింది తప్పని ముందే చెప్పేశాను. నాలుగో గడి ఏమిటో చెప్పాను. తర్వాత ఒక్కొక్క పేజీ తిప్పి, ఫలానా ఊరు, ఫలానా వారి బిడ్డ, తీసుకొచ్చింది రాములమ్మ అని చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేరుకే జనంలో కదలిక వచ్చింది. అది మా వదిన పిల్ల, వానలో ఎత్తుకెళ్లినాది అన్నారు ఎవరో. ఒకచోట బతికాడు అని రాసి ఉంటే చదివాను. వెనకనించి గుబురుమీసాల మనిషి ఒకడు చెయ్యెత్తి, అది నానే అన్నాడు. వీధంతా ఘొల్లుమంది. రాములమ్మ కూడా నవ్వింది.

కొన్ని కేసుల పక్కన అంచులో మావారు, బిడ్డని తెచ్చినవాళ్లని అడిగి, నాకు అర్థంకాని గొలుసురాతలో ఇంగ్లీషులో చిన్నగా రాసుకున్నారు, పురుడు ఎక్కడ, బొడ్డు దేనితో కోశారు, ఎవరు కోశారు అని. బయల్దేరే ముందు రోజు అవి కూడా నాకు చదివి చెప్పారు. రాములమ్మ మీద మచ్చ పూర్తిగా పోవాలంటే అవి కూడా చదవాలనుకున్నాను. దాలమ్మ బిడ్డ పేజీ వచ్చింది. తండ్రి పేరు చదివాను, ఊరు చదివాను, తీసుకొచ్చింది రాములమ్మ అన్నాను. అంచులో ఉన్నది ఇది: పురుడు దాలమ్మ పుట్టింట్లో, కోసింది కొడవలితో, కోసింది దాలమ్మ తల్లి.

వేలు అంచు మీదికి జరిపి నోరు తెరవబోయాను. రాములమ్మ చెయ్యి వచ్చి ఆ పేజీ మీద పడింది.

"ఆ పక్కది సదవకు" అంది, నాకు ఒక్కదానికే వినిపించేలా. "నా పేరు కడిగీసినావు, సాలు. ఆ ముసిల్ది ఆడే కూకున్నాది, సూడు."

నేను రిజిస్టరు మూసేశాను. దాలమ్మ మాత్రం వదల్లేదు, గోడ దగ్గర్నించి ముందుకి వచ్చింది. "మరెవలు కోసినారో అందులో రాసున్నాదేటి?" అని మావారిని అడిగింది. ఆయన నా చేతిలోంచి రిజిస్టరు తీసుకుని, ఆ పేజీ తెరిచి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, చాలాసేపు చూశారు. "ఏదో రాశానమ్మా. నా రాత నాకే తెలియడం లేదు" అన్నారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన అబద్ధం ఆడగా నేను విన్నది అదే మొదలు, అంత బాగా ఆడతారని అనుకోలేదు.

పుస్తకంలో ఆ కేసులన్నీ ఉన్నాయి, తీసుకొచ్చిన మనిషి పేరుతో. ఎవరు కోశారన్నది మాత్రం ఎక్కడా లేదు. ఇది పెద్ద లోపమని ఒక ప్రొఫెసరుగారు సమీక్షలో రాశారు. ఆయన చెప్పింది సబబే, నేను జవాబివ్వలేదు. దాలమ్మా, ఆమె తల్లీ ఇద్దరూ ఇప్పుడు లేరు కాబట్టి, పేర్లు మార్చి ఇక్కడ చెబుతున్నాను. దొరికిన ప్రతిదీ రాసెయ్యాలని మీకు ఎవరైనా చెబితే వినండి. రాసే ముందు మాత్రం, ఆ ముక్క అచ్చయితే ఎవరింట్లో పడుతుందో వెళ్లి చూసి రండి.

ఆ రోజు చదవడం అయ్యాక రాములమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి టీ ఇప్పించింది. నేను ఉండబట్టలేక అడిగాను. కొడవలి నువ్వు కళ్లారా చూశావు, బిడ్డని మోసుకొచ్చింది నువ్వు. దాలమ్మ వచ్చి నిలదీసినప్పుడు నిజం చెప్పేస్తే ఇన్నాళ్లు ఈ బాధ ఉండేది కాదు కదా అన్నాను.

"సెప్పీసి?" అంది రాములమ్మ. "నా మీద కోపమొస్తే తల్లి కాడికెల్లి ఏడుస్తాది. తల్లి మీదే కోపమొస్తే ఎవల కాడ ఏడుస్తాది?"

టీ గ్లాసులు కింద పెడుతుండగా గుమ్మంలో ఎవరో వచ్చినట్టయింది. దాలమ్మ. చంకలో మూడు నెలల మనవరాలు ఉంది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడి, నీల్లు పోస్తావా అని అడిగింది. రాములమ్మ నీళ్లు పెట్టమని కూతురికి సైగ చేసి, పెరటి వాకిట్లోకి వెళ్లి కూర్చుని, రెండు కాళ్లూ బారచాపి, పిల్ల కోసం చేతులు చాచింది.